సిరి తిరిగి రాలేదు

'ది విచర్ 3' మొదటిసారి పూర్తిచేసినప్పుడు నా ఆటలో సిరి తిరిగి రాలేదు. దాదాపు మూడు నెలలు, ఆఫీసు పనయ్యాక రాత్రిళ్ళు కూర్చుని ఆడిన ఆట. చివర్లో గెరాల్ట్ ఓ చిత్తడినేల మధ్య గుడిసెలో ఒంటరిగా కూర్చుంటాడు. బయట రాక్షసులు చుట్టుముడుతుంటే కూడా లేవడు. అంతే, ఆట అయిపోయింది. ఎక్కడ తప్పు చేశానో అర్థం కాలేదు. ముఖ్యమైన యుద్ధాలన్నీ గెలిచానే!

ఆడని వాళ్ళ కోసం కాస్త చెప్తాను. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2015లో తెచ్చిన ఆట ఇది. గెరాల్ట్ సప్కోవ్‌స్కీ అనే పోలిష్ రచయిత కథల్లోంచి వచ్చాడు. డబ్బు తీసుకుని రాక్షసుల్ని చంపడం అతని వృత్తి. సిరి అతను కూతురిలా చూసుకున్న పిల్ల. 'స్కైరిమ్' లాంటి ఆటల్లో పాత్రని మనమే తయారుచేసుకుంటాం. ముఖం, జాతి, నీతి అన్నీ మనిష్టం. గెరాల్ట్ మన చేతికి వచ్చేసరికే అతనికో గతం, కొన్ని ప్రేమలు, కొంత వెటకారం ఉన్నాయి. గిరీశాన్ని మన చేతికిచ్చి ఆడించమన్నారనుకోండి. బుచ్చమ్మని లేపుకుపోవాలా వద్దా అన్నది మనం తేల్చొచ్చేమో. కానీ కోతలు కోయకుండా అతన్ని ఆపలేం. ఆపితే అతను గిరీశమే కాదు. మరి ఇలాంటి ఆటల్లో మన ఎంపికకి విలువెక్కడుంది?

మామూలుగా వినిపించే జవాబు, ఎంపికని బట్టి కథ మారాలి అని. ఇంజనీరుగా నాకు దీనిమీద పెద్ద నమ్మకం లేదు. పది చోట్ల రెండేసి దారులు పెట్టి దేన్నీ కలపకుండా పోతే 1,024 కథలు రాయాలి. అందుకే చీలిన దారుల్ని, మేం కోడ్ బ్రాంచిల్ని మెర్జ్ చేసినట్టు, కాస్త దూరం పోయాక మళ్ళీ కలిపేస్తారు. 2012లో వచ్చిన టెల్‌టేల్ వాళ్ళ 'ది వాకింగ్ డెడ్' మొదటి భాగంలో కార్లీ, డగ్ ఇద్దరిలో ఒకరినే కాపాడగలం. మూడో భాగానికి వచ్చేసరికి ఆ కాపాడిన మనిషి కూడా పోతారు. ఇది మోసం అనుకున్నాను అప్పట్లో.

కానీ అదే ఆటలో ఇంకో సంగతి ఉంది. కథానాయకుడు లీ, హత్య చేసి జైలుకి పోవాల్సిన మనిషి, అమ్మానాన్నలు దగ్గర లేని ఎనిమిదేళ్ళ క్లెమెంటైన్‌ని వెంటబెట్టుకుని తిరుగుతాడు. మనమేం చేసినా లీని జాంబీ కరుస్తుంది. రెండో భాగం చివర, అందరూ ఆకలితో ఉన్నప్పుడు ఎవరిదో కారులో తిండి కనిపిస్తుంది. మనం వద్దన్నా మిగతావాళ్ళు తీసుకుంటారు. కథ మారదు. మారేదల్లా, పక్కన నిలబడి చూస్తున్న ఆ పిల్ల కళ్ళలో లీ ఎలాంటి మనిషన్నదే. నాయకుడి స్వభావమూ తలరాతా ముందే తేలిపోయిన కథలో ఎంపిక బరువు పక్కనున్న మనిషి మీద పడుతుందని నాకు అక్కడ అనిపించింది.

సిరి విషయంలో జరిగిందీ ఇదే. నెట్‌లో వెతికితే కారణం తెలిసింది. వెసెమిర్ అనే పెద్దాయన చనిపోయి సిరి కుంగిపోయినప్పుడు ఆమెతో మంచు ఉండలు విసురుకుని ఆడొచ్చు. నేను 'అన్నీ నీకే రావాలనేముంది' అని ఓదార్చి, కలిసి తాగాను. మంత్రగత్తెల సమావేశానికి ఆమెను ఒక్కదాన్నే పంపొచ్చు. నేను వెంట వెళ్ళాను. గురువు మీద కోపంతో అతని గది ధ్వంసం చేస్తానంటే చేయనివ్వొచ్చు. నేను 'శాంతించు' అన్నాను. చివర్లో లోకాన్ని మింగే చలిలోకి నడిచి వెళ్ళేది సిరి. అది ఆమె నిర్ణయం, గెరాల్ట్ ఆపలేడు. అక్కడ ఆమెకు గుర్తొచ్చేవి ఈ చిన్న చిన్న క్షణాలే. తన మీద తనకి నమ్మకం మిగిలిందా లేదా అన్నదాన్ని బట్టి తిరిగొస్తుంది, లేదా రాదు.

ఈ రెండేసి జవాబుల్లో ఏదైనా గెరాల్ట్ అనగలిగినదే. రెంటిలోనూ ప్రేమ ఉంది. అందుకే నాకు అనుమానం రాలేదు.

ఆ రాత్రి మా చెల్లి గుర్తొచ్చింది. తన ఎంసెట్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టింది నేనే. తను సివిల్ అంది. నేను సీఎస్ఈలన్నీ పైకి జరిపాను. "నీకు తెలుసులే అన్నయ్యా" అని ఊరుకుంది. ఇప్పుడు మంచి జీతమే. కానీ ఉద్యోగం మారాలన్నా, అద్దె ఇల్లు మారాలన్నా నాకు ఫోన్ చేసి అడిగాకే కదుల్తుంది. చాన్నాళ్ళు అది నాకు గర్వంగా ఉండేది.

ఆటలో లోపం లేదనను. మంచు ఉండలు ఒప్పు, కలిసి తాగడం తప్పు అని లోపల లెక్క వేసేయడం నాకు నచ్చలేదు. రెండోసారి ఆడినప్పుడు జవాబులు తెలుసు కాబట్టి సిరి తిరిగొచ్చింది. నాకేమీ అనిపించలేదు. పేపరు లీకయ్యాక రాసిన పరీక్షలా ఉంది. 'వాకింగ్ డెడ్'ది ఇంకో ఇబ్బంది. క్లెమెంటైన్ ఇది గుర్తుపెట్టుకుంటుందని తెర మీద రాసి మరీ చూపిస్తుంది. కొంతసేపటికి మనం పిల్లతో మాట్లాడటం మానేసి ఆ నోటీసు కోసం మాట్లాడతాం. చెప్తే అలా, చెప్పకపోతే ఇలా. ఈ చిక్కుని పూర్తిగా విప్పిన ఆట నేనింకా ఆడలేదు.

అయినా ఇలాంటి ఆటలు రాసేవాళ్ళు ఇంకో నాలుగు ముగింపులు కలపడం కన్నా, పక్కనున్న పాత్రకి కాస్త జ్ఞాపకశక్తి, తనకంటూ ఒక నిర్ణయం ఇస్తే బావుంటుందనుకుంటాను. నా మొదటి ఆట సేవ్ ఫైల్ ఇంకా డిలీట్ చేయలేదు. ఎవరైనా అడిగితే, నా ఆటలో సిరి తిరిగి రాలేదనే చెప్తాను.