పేరు చూసి భాష రాసే బడి

నన్ను ఒకటో తరగతిలో వేసిన రోజున, బడి రిజిస్టరులో మాతృభాష అన్న గడి దగ్గర పంతులుగారు క్షణమైనా ఆగలేదు. నా పేరు విన్నారు, ఉర్దూ అని రాశారు. పక్కనే నిలబడ్డ మా అమ్మ 'ఇంట్ల మేం తెలుగే మాట్లాడ్తం సార్' అంది. 'తురకోళ్లకు తెలుగేందమ్మా' అని ఆయన నవ్వారు. చెడ్డవాడేం కాదు. తర్వాత అయిదేళ్లూ నాకు ప్రేమగానే అక్షరాలు దిద్దించారు. కానీ ఆ రోజు ఆయన నా నోట్లో ఉన్న భాషను వినలేదు. నా పేరులో ఉన్న మతాన్ని విన్నారు.

మాది దూదేకుల ఇల్లు. నమాజు అరబ్బీలో, లాలిపాటా తిట్టూ తెలుగులో. ఉర్దూ రాదని పట్నం ముస్లింలు మమ్మల్ని సగం ముస్లింలుగా చూస్తారు. ముస్లింలం గనక మిగతావాళ్లు మమ్మల్ని సగం తెలుగువాళ్లుగా చూస్తారు. పోనీ, ఉర్దూ ఇంటి బిడ్డ పరిస్థితి బాగుందా అంటే అదీ లేదు. హైదరాబాదు పాతబస్తీలోనో పాలమూరులోనో ఆ బిడ్డ మాట్లాడేది దక్కనీ. 'నక్కో' అంటూ బడికి వస్తే ఉర్దూ మీడియం పంతులే 'అట్లా అనకూడదు, నహీ అనాలి' అని దిద్దుతాడు. తెలుగు మీడియంలో చేరితే వీధిలో విన్న తెలుగు వేరు, పుస్తకంలో తెలుగు వేరు. రిజిస్టరులో రాసింది తప్పయినా ఒప్పయినా, బిడ్డ నోటి భాష మాత్రం ఆ గడిలోకి రాలేదు.

ఇప్పుడు ఈ బిడ్డలందరి ముందుకూ ఇంగ్లీషు వచ్చింది. రావలసిందే. ఇంగ్లీషు వద్దనే పెద్దమనుషుల పిల్లలు ఏ బడుల్లో చదివారని దళిత బహుజనులు ఎప్పుడో అడిగారు. ఆ ప్రశ్న మాది కూడా. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్ని ఇంగ్లీషు మీడియంలోకి మార్చే ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత తల్లిదండ్రుల ఇష్టం అడిగితే 96 శాతానికి పైగా ఇంగ్లీషే కావాలన్నారు. తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మీడియంవే. 2022-23 నుంచి అక్కడి సర్కారు బడులూ ఆ దారి పట్టాయి.

ఈ కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నా విమర్శ అది కాదు. 'మీకు ఏ మీడియం కావాలి' అన్నదే అందరి నోటా వినపడింది. 'మీ బిడ్డ ఇంట్లో ఏ భాష మాట్లాడుతుంది, ఇంగ్లీషు ఎంతవరకు వచ్చు, మేం ఎక్కడ మొదలుపెట్టాలి' అన్న ప్రశ్న వినపడలేదు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మంచి ఆలోచనే. కానీ ఆ ఎదుటి పేజీ కూడా పరాయిదైన బిడ్డ సంగతేమిటి? బడుల వివరాలు సేకరించే యూడైస్ పట్టికలో విద్యార్థి మాతృభాషకు ఒక గడి ఉంది. గడి నిండుతుంది. పాఠం మారదు.

ఇదే ప్రశ్నను అమెరికా బడులు ఎట్లా అడగవలసి వచ్చిందో చూద్దాం. దయ కలిగి అడగలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీయుల పిల్లలు దాదాపు 1,800 మంది ఏ అదనపు సాయమూ లేకుండా తరగతుల్లో కూర్చునేవాళ్లు. వాళ్ల తరఫున వేసిన లావ్ కేసులో 1974లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందరికీ ఒకే పుస్తకం, ఒకే పంతులు, ఒకే బల్ల ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదనీ, భాష అర్థంకాని పిల్లలకు అది చదువు లేకపోవడంతో సమానమనీ దాని సారాంశం. ఆ తీర్పుకు ఆధారం 1964 నాటి పౌరహక్కుల చట్టం. 1981లో కాస్టనేడా కేసులో ఇంకో కోర్టు మూడు షరతులు పెట్టింది. సాయం చేసే పద్ధతికి సరైన విద్యా సిద్ధాంతం ఉండాలి. దాన్ని అమలు చేయడానికి పంతుళ్లు, వనరులు ఉండాలి. కొంతకాలం తర్వాత ఫలితం ఉందో లేదో తేల్చాలి.

అట్లా ఒక వరస ఏర్పడింది. బడిలో చేరేటప్పుడే బిడ్డ మొదట నేర్చిన భాష ఏది, ఇంట్లో ఎక్కువగా వాడేది ఏది అని అడుగుతారు. ఇంగ్లీషు కాదంటే వెంటనే సాయం కింద చేర్చరు, ముందు పరీక్ష పెడతారు. సాయం కావాలని తేలితే తల్లిదండ్రులకు చెప్తారు. ప్రత్యేక తరగతి వద్దనే హక్కు వాళ్లకుంది. ఏటేటా మళ్లీ పరీక్ష. భాష పట్టుబడ్డాక ఆ జాబితాలోంచి తీస్తారు. తీశాక కూడా కొన్నేళ్లు గమనిస్తారు.

మన బిడ్డలకు ఇట్లాంటి వరస ఎందుకు కావాలో ఒక్క అనుభవం చెప్తాను. సాయంత్రాలు నా దగ్గరికి చదువుకోవడానికి వచ్చే ఒక పిల్లవాడు ఇంగ్లీషు పాఠం గడగడా చదివాడు. క్లాసులో మెప్పు కూడా పొందాడట. 'అర్థమేంది బేటా' అంటే నా మొహం చూశాడు. ఆ పిల్లవాడు తెల్లవారుజామున మసీదులో అరబ్బీ చదువుతాడు. అక్కడ శబ్దం శుద్ధంగా పలకడమే ముఖ్యం, అర్థం తర్వాత. ఆ చదువు ఉద్దేశమే అది, తప్పేం లేదు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషూ పలికాడు. బడి ఆ పలుకు విని వచ్చేసిందనుకుంది. నా వచ్చీరాని దక్కనీలో ఆ పాఠం సంగతే ఎత్తితే, వానలు రాని ఏడు రైతు బావి ఎందుకు తవ్వించాడో తనే నాకు చెప్పాడు. తెలివికి లోటు లేదు, అడ్డం పడింది భాష. పరీక్షలో మార్కులు తగ్గాక ఇదే పిల్లవాడికి 'డల్' అన్న ముద్ర పడుతుంది. తర్వాత బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరితే, 'తురకోళ్లకు చదువు మీద ధ్యాస లేదు' అంటారు. పదేళ్ల ఆ బిడ్డకు అప్పటికే అరబ్బీ, తెలుగు, హిందీ, ఇంగ్లీషు నాలుగు లిపులు తెలుసు. కుడి నుంచి ఎడమకూ చదవగలడు, ఎడమ నుంచి కుడికీ చదవగలడు. ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ దీనికి మార్కుల్లేవు.

అమెరికాను నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. అక్కడ ఆ జాబితాలో చేరి ఏళ్ల తరబడి బయటపడని పిల్లలున్నారు. వాళ్లకు తేలిక పాఠాలే దక్కుతాయి, పెద్ద చదువుల దారి మూసుకుపోతుంది. ఆ భయంతోనే అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లలో కొందరు ఇంటి భాష తెలుగని రాయడానికి జంకుతారు. కాలిఫోర్నియా ప్రజలు 1998లో వోటేసి రెండు భాషల బోధనను దాదాపు మూసేశారు, 2016లో మళ్లీ వోటేసి తెరిచారు. 2025 మార్చిలో ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. గెలుచుకున్న భాషా హక్కు కూడా కాపలా లేకపోతే నిలవదు.

మనకైతే ఇంకో భయం ఉంది. భాష అడగడమనే పేరుతో మతాన్ని లెక్కపెడతారేమో, మన పిల్లల్ని విడిగా కూర్చోబెడతారేమో అన్న భయం. అది ఉత్త అనుమానం కాదు, అనుభవం. అందుకే షరతులతో అడుగుతున్నాం. భాష బిడ్డను, తల్లిని అడిగి రాయండి, పేరు చూసి రాయొద్దు. దక్కనీ అంటే దక్కనీ అనే రాయండి. పలకడాన్ని కాక అర్థాన్ని పరీక్షించండి. సాయం అదే తరగతిలో, తెలుగూ దక్కనీ తెలిసిన పంతుళ్లతో ఇవ్వండి. ఏటేటా చూసి, అవసరం తీరగానే ముద్ర తీసేయండి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం భాషా మైనారిటీల పిల్లల గురించే చెప్పింది. ఇంగ్లీషు మీడియం వచ్చిందని ఆ బాధ్యత తీరిపోలేదు. ఇంటి భాష ఊతంగా ఇంగ్లీషు నేర్పించే బాధ్యతగా అది ఇంకా పెరిగింది.

మొన్న నా కూతుర్ని బడిలో చేర్చాను. ఈసారి రిజిస్టరు లేదు, కంప్యూటరు. గుమస్తా పేరు కొట్టాడు, మాతృభాష దగ్గర ఉర్దూ అని తనే నొక్కబోయాడు. 'ఆగండి సార్, పిల్లనడగండి' అన్నాను. అతను తలెత్తి చూశాడు. 'ఇంట్ల ఏం మాట్లాడ్తవ్ పాపా' అని అడిగాడు. 'తెలుగు' అంది నా బిడ్డ. అడిగితే చెప్పింది. మా అమ్మ అడగకముందే చెప్పినా వినలేదు.