మెటల్ స్లగ్-2: ఒళ్ళు మాట వినని వీరుడు

జనాదరణ పొందిన రచనకు రెండో భాగం రాయడం ఏ రచయితకైనా పరీక్షే. పాఠకుడు పాతదే కావాలంటాడు. పాతదే ఇస్తే విసుక్కుంటాడు. ఈ చిక్కు నవలకే పరిమితం కాదు. 1998లో జపాన్‌లోని ఎస్.ఎన్.కె. సంస్థ విడుదల చేసిన 'మెటల్ స్లగ్-2' అనే వీడియో ఆట దీన్ని ఎదుర్కొన్న తీరు మన కథకులు గమనించదగింది. సాహిత్య పత్రికలో ఆటల చర్చ ఏమిటని అడిగే మిత్రులకు ఒకటే జవాబు: నేను పాఠం చెప్పే పాలమూరు బడిలో నవల ముట్టని పిల్లలున్నారు గాని, తుపాకీ ఆట ఆడని పిల్లలు లేరు.

2000 ప్రాంతంలో, నల్లగొండలో డిగ్రీ చదివే రోజుల్లో, క్లాక్ టవర్‌కు దగ్గరి వీడియో గేముల దుకాణంలో ఈ ఆట చూశాను. చూశాననడమే సరి. రూపాయి బిళ్ళ ఉన్ననాడు ఆడేవాణ్ణి, లేనినాడు ఆడేవాడి వెనక నిలబడేవాణ్ణి.

పరుగెత్తుతూ కాల్చడం, ఖైదీలను విడిపించడం, దొరికిన ట్యాంకు ఎక్కడం – 1996 నాటి మొదటి భాగం చట్రం ఇది. రెండో భాగంలోనూ ఇదే. మార్కో, టార్మాలకు తోడు ఎరి, ఫియో అనే ఇద్దరు స్త్రీలు వచ్చారు. ఆడవాళ్ళు గదా అని వాళ్ళకు తక్కువ బలం పెట్టలేదు. మగవాళ్ళలాగే ఉరుకుతారు, మగవాళ్ళలాగే చస్తారు. ఇది మెచ్చదగ్గ విషయం. ఇక లేజర్ తుపాకీ, రెండు కాళ్ళ మీద నడిచే యంత్రం, విమానం, మరతుపాకీ కట్టిన ఒంటె – ఇవన్నీ జాతర దుకాణంలో సరుకు. చూడ ముచ్చటగా ఉంటాయి, అంతే.

అసలు కొత్తదనం వీరుడి శరీరంలో ఉంది. మొదటి భాగంలో అతనికి రెండే స్థితులు: బతికుండటం, చావడం. ఇందులో ఆ రెంటికీ మధ్య మరొకటి చేరింది. సమాధుల్లో తిరిగే మమ్మీల విషపు ఊపిరి తగిలితే అతనూ మమ్మీ అవుతాడు. కాళ్ళీడుస్తూ నడుస్తాడు, చేతిలో చిన్న తుపాకీ తప్ప ఏమీ మిగలదు. మందు సీసా దొరికితే మళ్ళీ మనిషి, ఈలోగా ఇంకోసారి ఊపిరి తగిలితే చావు. దారిలో దొరికిన తిండి అదేపనిగా తింటే బానపొట్ట వచ్చి నడక మందగిస్తుంది. తమాషా ఏమంటే అతనితోపాటు గుండ్లూ లావెక్కుతాయి! పాత్ర మారిందని మాటల్లో చెప్పలేదు, ఆడేవాడి వేళ్ళకే తెలిసేట్టు చేశారు. మీట అదే, నొక్కడం అదే, ఒళ్ళు మాత్రం మాట వినదు. వస్తువు శిల్పంగా మారాలని తరగతి గదిలో ఉపన్యాసాలిచ్చి, ఉదాహరణకు తడుముకునే నాబోటివాడికి ఇది పనికొచ్చింది.

దృక్పథం దగ్గరికొచ్చేసరికి ఈ శ్రద్ధ కనిపించదు. మొదటి రంగం అరబ్బుల ఊరు. కత్తులు దూసి మీదికొచ్చే ఆ మనుషులెవరు? వాళ్ళకు మనమీద కోపమెందుకు? ఆటకు ఆ ప్రశ్నే లేదు. గల్ఫుకు బతకబోయినవాళ్ళున్న తెలంగాణ పల్లెల్లో ఎడారి అంటే ఒక బతుకు; ఇక్కడ అది రంగు పూసిన తెర. చివరి రంగంలో మాత్రం ఒక మలుపుంది. సేనాని మోర్డెన్‌ను అతనితో చేతులు కలిపిన అంగారక గ్రహవాసులే మోసం చేస్తారు. అప్పుడు, అంతదాకా మనం కాల్చిన సిపాయిలే మన పక్కన నిలబడి పోరాడతారు. సేనాని వేరు, సిపాయి వేరు అనే ఎరుక ఇందులో లేకపోలేదు. కాని ఆ ఎరుక కలగడానికి శత్రువు ఆకాశం నుంచి దిగవలసి వచ్చింది!

తెరనిండా శత్రువులు చేరినప్పుడు యంత్రం అలిసిపోయి ఆటంతా నెమ్మదించేది. ఇది లోపమని 1999లో 'మెటల్ స్లగ్ ఎక్స్' పేరుతో సవరించారు, కొత్త ఆయుధాలూ చేర్చారు. నేను ఒప్పుకోను. ఒక్క రూపాయితో వచ్చినవాడికి ఆ మందగమనమే దయ; గుండు ఎటునుంచి వస్తోందో చూసుకునే వ్యవధి దొరికేది. ఆటల యంత్రానికి కావలసింది ఆ వ్యవధి కాదు, మన రెండో బిళ్ళ.

ఆ బిళ్ళతో కొనలేనిది కూడా ఈ ఆటలో ఒకటుంది. గడ్డాలు పెరిగిన ఖైదీల కట్లు విప్పితే ఏదో వస్తువు ఇచ్చి, సెల్యూట్ చేసి పోతారు. రంగం ముగిశాక వాళ్ళ పేర్లు తెరమీద వస్తాయి. మధ్యలో మనం చస్తే ఆ లెక్క సున్నా అవుతుంది. ఇంకో బిళ్ళ వేస్తే వీరుడు లేచి వస్తాడు, ఆ పేర్లు రావు.