‘నియంత్రణ’ అనే మాట – రసాయన ప్రయోగశాలలో చౌక విద్యుత్ పరికరాలు: ఒక విమర్శ

పూర్వపు కృష్ణా జిల్లా మెట్టలోనిదీ, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినదీ అయిన జగ్గయ్యపేట ప్రాంతం సున్నపురాతి నేల. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు కర్మాగారాలకు ఆధారం ఆ రాయే. కనుక అక్కడి రసాయనశాస్త్ర విద్యార్థికి అతి సహజమైన ప్రయోగం రాతిపొడిని 950 డిగ్రీల సెల్సియస్ వద్ద బరువు నిలకడగా వచ్చేవరకు కాల్చి, తరుగును లెక్కించడం. శుద్ధ కాల్షియం కార్బొనేట్ నుండి నూటికి 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువుగా పోతాయి. కొలిమి తగినంత వేడెక్కకపోతే తరుగు తగ్గి, మంచి రాయి నాసిరకమని తేలుతుంది.

కొలిమి వేడిని అదుపు చేసే పరికరాన్ని చౌకగా తయారుచేసుకోవాలన్న సూచన మెచ్చదగినదే. అయితే ఇటువంటి సూచనల్లో ‘నియంత్రణ’ అన్న ఒక్క మాట రెండు వేర్వేరు పనులను కప్పివేస్తున్నది. కొలిమికి అందే విద్యుత్తును సర్దడం ఒకటి. ఉష్ణోగ్రతను కొలిచి నిలపడం మరొకటి.

నందిగామ బజారులో దొరికే ఫ్యాను రెగ్యులేటరు మొదటి కోవలోనిది. సుమారు 75 వాట్ల ఫ్యానుకు ఉద్దేశించిన ఆ పరికరం, 4 ఆంపియర్లకు పైగా లాగే కిలోవాట్ కొలిమిని భరించలేదు. పెద్ద ట్రయాక్ అమర్చినా చిక్కు తీరదు. వోల్టేజి 230 నుండి 200కు పడితే కొలిమికి అందే శక్తి దాదాపు 24 శాతం తగ్గుతుంది; ఆ సంగతి ట్రయాక్‌కు తెలియదు. ఈ విషయంలో పాతకాలపు సిమ్మర్‌స్టాట్ కొంత మెరుగు. దానిలోని ద్విలోహ పట్టీని వేడిచేసే చిన్న తీగ కూడా అదే వోల్టేజిపై పనిచేస్తుంది గనుక, వోల్టేజి తగ్గినప్పుడు పట్టీ ఆలస్యంగా వంగి, కొలిమికి కరెంటు ఎక్కువసేపు అందుతుంది. ఇంత తెలివి ఉన్నా అదీ కొలిమి ఉష్ణోగ్రతను ఎరుగదు.

ఎరిగేది ఉష్ణయుగ్మమే. కె-రకం యుగ్మం 950 డిగ్రీల వద్ద సుమారు 39.3 మిల్లీవోల్టులు ఇస్తుంది. కాని ఆ అంకె చల్లని కొస సున్నా డిగ్రీల వద్ద ఉన్నప్పటిది. వేసవిలో గది 40 డిగ్రీలున్నప్పుడు సవరణ చేయక అదే అంకెకు రిలేను అమర్చితే, కొలిమి 990 దాకా పోతుంది. యుగ్మం తీగ తెగితే మరింత ప్రమాదం: సంకేతం లేకపోవడాన్ని పరికరం చల్లదనంగా గ్రహించి, ఎడతెగకుండా వేడి చేస్తూనే ఉంటుంది. పొదుపు పేరుతో తెగుదలను పసిగట్టే ఏర్పాటునూ, ఎర్తు తీగనూ వదిలేసిన నమూనాను చౌకైనదనడం సరికాదు, అది అసంపూర్ణమైనది.

పరిభాషలో మొదటి పనిని ‘శక్తి సర్దుబాటు’ అనీ, రెండవదాన్ని ‘ఉష్ణోగ్రతా నిలుపుదల’ అనీ విడదీస్తే, ఏ పెట్టె దేనికి పనికివస్తుందో విద్యార్థికి పేరులోనే తెలుస్తుంది. నీటితొట్టెను వెచ్చగా ఉంచడానికి మొదటిది చాలు. సున్నపురాతి తరుగుకు చాలదు.