విద్యుత్తుకు చట్టమొక్కటే కాపలా కాగలదా?

బనగానపల్లెలో మీట నొక్కగానే దీపము వెలుగుచున్నది. ఆ వెలుగు వెనుక తీగలు, ట్రాన్స్‌ఫార్మరులే కాక నేడు కంప్యూటరులును పనిచేయుచున్నవి. ఈ ఊరికి విద్యుత్తును పంచునది తిరుపతి కేంద్రముగా గల దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. 2019 మే ప్రారంభమున ఆ సంస్థతోపాటు రెండు తెలుగు రాష్ట్రముల పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దాడికి లోనైనవి. రాన్సమ్‌వేర్ అనగా కంప్యూటరులోని సమాచారమునకు రహస్యపు తాళము వేసి, తాళపుచెవికి సొమ్ము అడుగు దొంగ ప్రోగ్రాము. నాడు చిక్కు వచ్చినది బిల్లుల వంటి సేవలకు. అట్టి దాడి సరఫరాను నడపు యంత్రములపై జరిగినచో?

2015 డిసెంబరు 23న ఉక్రెయిన్ దేశమున అట్లే జరిగినది. దుండగులు దూరము నుండియే మూడు పంపిణీ సంస్థల కంప్యూటరులలో చొరబడి, సబ్‌స్టేషనులలోని బ్రేకరులను తెరచి విద్యుత్ ప్రవాహమును తెగగొట్టిరి. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కొన్ని గంటలు సరఫరా నిలిచినది. సిబ్బంది సబ్‌స్టేషనులకు పోయి, బ్రేకరులను చేతితో మూసి సరఫరాను పునరుద్ధరించిరి.

మన సమాచార సాంకేతిక చట్టము 2000లో వచ్చినది, 2008లో సవరింపబడినది. దానిలోని 66ఎఫ్ విభాగము, ప్రజాజీవనమునకు అవసరమగు సరఫరాలను భంగపరచు సైబర్ ఉగ్రవాదమునకు యావజ్జీవ శిక్ష వరకు విధించుచున్నది. కాని దేశభద్రతకు ముప్పు తెచ్చు ఉద్దేశమో, ప్రజలను భయపెట్టు ఉద్దేశమో రుజువు కావలెను. ధనాశతో తాళము వేసినవానిపై దానిని నిరూపించుట కష్టము. 70వ విభాగము పదేండ్ల వరకు శిక్ష చెప్పుచున్నది. అయితే అది ప్రభుత్వము గెజెట్‌లో రక్షితమని ప్రకటించిన కంప్యూటరులకే వర్తించును. నేరస్థుడు విదేశమున నున్నను 75వ విభాగము వర్తించును గాని, వానిని పట్టుకొనుటకు ఆ దేశపు సహాయము కావలెను.

కావున ఈ చట్టపు బలమంతయు నష్టము జరిగిన తరువాతనే కనబడుచున్నది. దీనికంటె 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకములు మేలైనవి. ప్రతి విద్యుత్ సంస్థలో భద్రతాధికారి ఉండవలెననియు, నియంత్రణ యంత్రములను ఇంటర్నెట్టుకు దూరముగా నుంచవలెననియు అవి చెప్పుచున్నవి. దాడి తెలిసిన 6 గంటలలో తెలియజేయవలెనని 2022 ఏప్రిలులో కేంద్రము ఆదేశించినది.

బనగానపల్లెకు ఉత్తరమున గని, శకునాల గ్రామముల వద్ద 2017లోనే 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఏర్పడినది. ఇట్టి కేంద్రములు పెరిగిన కొలదియు కాపాడవలసిన కంప్యూటరులు పెరుగును. నేరస్థునికి శిక్షను నిర్ణయించినంత స్పష్టముగ, విద్యుత్ సంస్థల విధులను, వాని తనిఖీని, సమాచారపు నకళ్లను, చేతితో సరఫరాను నిలబెట్టు అభ్యాసమును కూడ చట్టము నిర్ణయించినపుడే ఈ రక్షణ సంపూర్ణమగును.