ఇంజిన్ వేడి తెలిసిన చేతులు

ఈసీఐఎల్‌ను స్థాపించిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు పెట్టుకున్న హైదరాబాద్ కాలనీ ఏ.ఎస్. రావు నగర్. ఎలక్ట్రానిక్స్ వాళ్ల పేటగా దానికి పేరు. నేను మాత్రం అక్కడి రేడియేటర్ మెకానిక్‌ల పనితనానికి దండం పెడతాను.

ఎండాకాలంలో ఆవిర్లు కక్కుతూ కారు వస్తే మంచి మెకానిక్ ముందు రేడియేటర్ మూత జోలికి పోడు. ఇంజిన్ చల్లారేదాకా ఆగుతాడు. తర్వాత రేడియేటర్ విప్పి, గొట్టాల మూతులు బిగించి, లోపలికి గాలి పంపుతూ నీళ్ల తొట్టిలో ముంచుతాడు. బుడగ ఎక్కడ లేస్తే చిల్లు అక్కడే. ఇత్తడిదైతే మురికి గీకి టంకం పెడతాడు. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే అతుకు నిలవదని, మార్చుకోమని చెప్పేస్తాడు. ఆ నిజాయితీ నాకు పనికన్నా గొప్పగా తోస్తుంది.

ఇంజిన్‌ను చల్లబరిచే నీటి మహిమను వేగపు కార్లవాళ్లు ఇంకో మెట్టు ఎక్కించారు. టర్బో నొక్కిన గాలి బాగా వేడెక్కితే పెట్రోలు అదుపు తప్పి అంటుకుని ఇంజిన్ దెబ్బతింటుంది. ఆ గాలిలోకి సన్నని నీటి తుంపర కొడితే అది ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. రెండో ప్రపంచయుద్ధ విమానాల్లో వాడిన ఉపాయమిది. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ నీళ్లూ మిథనాలూ కలిపి వాడింది. 2015లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ ఒట్టి నీళ్లతోనే ఆ పని చేసింది.

మన కార్లకు అంత హంగు అక్కర్లేదు. ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు జరిగితే బండి పక్కకు ఆపండి, మూత ముట్టుకోకండి. రేడియేటర్‌లో బోరు నీళ్లు మాత్రం పోయకండి.