ఎవరి నడుగవలెను?

మా వీథిలో ఒక పాత పెంకుటిల్లు కలదు. నాలుగు వాటాలు, నాలుగు కుటుంబములు, ఒక్కటే కరెంటు మీటరు. వెనుకవాటాలో నుండు ఒక వితంతువు ఉదయమున ఇడ్లీలు వేసి అమ్ముకొని యిద్దరు పిల్లలను చదివించుకొనుచున్నది. ఒక యేడు ఆమెకు రావలసిన ప్రభుత్వ సహాయము రాలేదు. పోయి యడుగగా, ఒక కార్యాలయములోని కుఱ్ఱవాడు, పాపము మర్యాదగానే, తెరమీద ‘అనర్హులు’ అను మాట చూపి పంపివేసెను. ఆ సాయంకాలమామె నా యొద్దకు వచ్చి, “సిస్టమ్ తీసేసిందంట మాస్టారూ, ఓ అర్జీ రాసిపెట్టండి” అన్నది. కాగితము తీసికొంటిని. ఇరువది యేండ్లుగా పిల్లలకు అర్జీలు వ్రాయుట నేర్పుచున్న నాకు మొదటి పంక్తిలోనే కలము నిలిచిపోయినది. ‘మహారాజశ్రీ’ అని వ్రాసి, ఆ తరువాత ఎవరిపేరు వ్రాయుదును? కుఱ్ఱవాడు తీసివేయలేదు. అతని పై యధికారియు తాను తీసివేయలేదనియే చెప్పును. తీసివేసినది సిస్టమట!

విచారింపగా కారణము తెలిసినది. ఆంధ్రప్రదేశములో 2019 తరువాత సంక్షేమ పథకములకు ‘ఆరంచెల పరిశీలన’ యను పద్ధతి వచ్చినది. కుటుంబమునకు సొంతకారుండరాదు, ఆదాయపుపన్ను కట్టువాడుండరాదు, కరెంటు వాడుక నెలకు సగటున 300 యూనిట్లు మించరాదు, ఇట్టివి. మా వీథి మీటరు ఎట్లో ఆమె ఆధారు సంఖ్యతో ముడిపడినది. నాలుగు వాటాల పంకాలును ఆమె ఖాతాలోనే తిరిగినవి. తర్కశాస్త్రమున నిట్టి కారణమునకు అనైకాంతిక హేతువని పేరు. అనగా, సాధింపదలచినది లేనిచోట కూడ కనబడు గుర్తు. మీటరు వేగముగా తిరుగుట ధనికునింట నుండును, నలుగురు పేదలు కలసియున్న యింటను ఉండును.

ఇంతమాత్రమునకు కృత్రిమ మేధ యను పెద్దపేరు పెట్టుట యుక్తముకాదు. ఇది కంప్యూటరు చేసిన కూడిక, అంతే. నియమము బయట నున్నది గనుక నావంటి బడిపంతులైనను దాని తప్పు పట్టగలిగెను. నియమమే కంటికి కనబడనిచోట నేమగును? దానికి మనము హైదరాబాదు పోవలెను.

తెలంగాణ ప్రభుత్వము ‘సమగ్ర వేదిక’ యను యంత్రవ్యవస్థను నెలకొల్పినది. అనేక శాఖల పట్టికలను ఒకచోట చేర్చి, ఈ పట్టికలోని మనిషియు ఆ పట్టికలోని మనిషియు ఒక్కరేయని పేరును, చిరునామాను బట్టి యూహించుట దాని పని. అది నిశ్చయము కాదు, ఊహ. ఊహలో ఎంత పాలు నిజమో యంత్రమునకు దెలియునేమో, కార్డు పోయినవారికి మాత్రము దెలియదు. రిక్షా త్రొక్కి బ్రతికిన యొక పేదవానికి కారున్నదని యిది నిశ్చయించినట్లును, అతని భార్యకు రేషను కార్డు దక్కనట్లును 2024 జనవరిలో అల్ జజీరా వార్తాసంస్థ ప్రకటించినది. కారు నిజముగా నున్నది, కాని పేరు కలిసిన మరియొకనిది. తార్కికులు దీనిని స్వరూపాసిద్ధమందురు. పొగయున్నది కావున ఈ కొండమీద నిప్పున్నదనుట సరియే. కాని పొగ పక్క కొండమీద నున్నది!

పేరుల సంగతి మా గోదావరి జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. అన్నవరము దేవుని పేరు పెట్టుకొనిన పిల్లలు నా తరగతిలో ఎన్నడును ఇద్దరు ముగ్గురికి తక్కువ లేరు. ఇంటిపేరుతో, తండ్రిపేరుతో, అప్పుడప్పుడు ఊరిపేరుతో వారిని వేఱుచేయుదును. అదే సత్యనారాయణ ఇంగ్లీషు అక్షరములలోనికి పోయినప్పుడు ఓటరుజాబితాలో నొకతీరు, ఆధారులో నొకతీరు, పదవతరగతి పత్రములో మరియొకతీరు అగును. ఈ గందరగోళము నెఱిగిన గుమాస్తా మనిషిని పిలిచి యడుగును. యంత్ర మడుగదు.

2014 మొదలు 2019 వఱకు తెలంగాణలో పదునెనిమిది లక్షలకు పైగా రేషను కార్డులు రద్దైనవి. అన్నియు యంత్రముచేతనే పోయినవని నేననను. ఎస్.క్యూ. మసూదు అను హైదరాబాదు సామాజిక కార్యకర్త వ్యాజ్యము వేయగా, 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు వాటిని మరల విచారింపుమని యాజ్ఞాపించెను. వచ్చిన దరఖాస్తులలో ఆ జూలై నాటికి 2,05,734 పరిశీలింపగా 15,471 కుటుంబములు అర్హులేయని తేలినది. నూటికి ఏడున్నర. తప్పు తక్కువే కదా యనువారు కలరు. పరీక్షలో నూటికి తొంబదిరెండు తెచ్చుకొనిన పిల్లవానిని నేనును మెచ్చుకొందును. ఇక్కడ పోయినవి మార్కులు కావు, బియ్యము.

ఎదుటిపక్షమువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దగువఱకు కరణము కలము క్రింద మన పల్లె లెట్లుండినవో పెద్దల నడిగినచో చెప్పుదురు. ఆ తరువాతి కాలమునను జాబితాలో పేరెక్కుటకు కులమో, పార్టీయో, చేయి తడుపుటయో కావలసెను. యంత్రము లంచము తీసికొనదు, చుట్టరికము చూడదు. సంస్కారప్రియులు దాని నాదరించుటలో వింతలేదు. అయినను ఒక మాట. 1874లో వివేకవర్ధనిని స్థాపించిన వీరేశలింగము పంతులుగారు అధికారుల లంచగొండితనమును ధైర్యముగా బయటపెట్టిరి. అట్లు చేయగలుగుటకు లంచము తినినవాడొక మనుష్యుడై, వానికొక పేరు, ఒక కొలువు ఉండుట కారణము. తప్పు చేసినవాడు చేతికి దొరకనిచో ఎంతటి పత్రిక మాత్ర మేమి వ్రాయును? చెవిటితనమును నిష్పక్షపాతమని మనము పొరబడుచున్నామని నా భయము.

2025 నవంబరులో కేంద్రప్రభుత్వము కృత్రిమ మేధ పాలనకు మార్గదర్శకములు ప్రకటించి, ఏడు సూత్రములు చెప్పినది. వాటిలో జవాబుదారీ ఒకటి, సులభముగా బోధపడుట యొకటి. అడ్డుకట్టలకంటె నూతన కల్పనయే మిన్నయను సూత్రమును ఉన్నది. దీనికి ప్రత్యేకశాసన మిప్పుడక్కరలేదని వారి యభిప్రాయము. సంస్కృతము చదువుకొన్నవానికి సూత్రములనిన వెఱపులేదు. భాష్యము లేని సూత్రములనిన మాత్రము కలదు. జవాబు ఎవరు, ఎవరికి, ఎన్నిదినములలో చెప్పవలెనో వ్రాయని జవాబుదారీ వలన మా వెనుకవాటా యామెకు అర్జీలోని మొదటి పంక్తియైనను నిండదు.

ఒకప్పుడు పాలకొల్లులోను, నరసాపురములోను వర్తకశాలలు నిలిపిన డచ్చివారి దేశమున ఏమి జరిగినదో చూడుడు. అదియును మనదానివలెనే నదీముఖపు దేశము. పిల్లల పోషణకిచ్చు సహాయధనము విషయమున ఇంచుమించు 26,000 మంది తల్లిదండ్రులను అన్యాయముగా మోసగాండ్రని ముద్రవేసినందుకు 2021 జనవరి 15న అచటి మంత్రివర్గము రాజీనామా చేసెను. రాటర్‌డాం నగరపాలకులు సహాయము పొందువారిలో ఎవరిని శంకింపవలెనో చెప్పు యంత్రమును 2017 నుండి వాడి, 2021లో నిలిపివేసిరి. ఆమ్‌స్టర్‌డాం నగరము తాను వాడు ఇట్టి యంత్రముల జాబితాను 2020లోనే ప్రజలముందు పెట్టినది. వారు మనకంటె ధర్మాత్ములని కాదు. అడుగువారికి అడుగుటకొక చోటు దొరికినది.

నేను యంత్రద్వేషిని కాను. 2015 జూలై 14న పుష్కరముల మొదటినాడు మా యూరి రేవులో తొక్కిసలాట జరిగి ఇరువదియేడుగురు ప్రాణములు విడిచిరి. 2027లో మరల పుష్కరములు రానున్నవి. రేవులో జనమెంత క్రిక్కిరిసినదో కెమెరా లెక్కించి చెప్పినచో సంతోషమే. తలలు లెక్కించుటకు పేర్లతో పనిలేదు. 2025లో ప్రయాగ కుంభమేళాలో అట్టి కెమెరాలుండియు, జనవరి 29న ముప్పదిమంది మరణించిరని ప్రభుత్వమే ప్రకటించిన సంగతి మాత్రము మఱవరాదు.

కార్డు, పింఛను, పిల్లల చదువుసొమ్ము, వీనిని నిలుపునప్పుడు సంగతి వేఱు. నిలుపుటకు ముందే కారణమును తెలుగులో వ్రాసి యింటికి పంపవలెను. క్రింద ఒక అధికారి తన పేరుతో సంతకము చేయవలెను. ఆమె మాట వినువఱకు సొమ్ము ఆగరాదు. దీనికి క్రొత్త యంత్రములు కావలెనా?

ఆ సాయంకాలము తుదకు ముగ్గురు అధికారులకు మూడు ప్రతులు వ్రాసి యిచ్చితిని. ఒకచోట తీసికొని రసీదిచ్చిరి. ఒకచోట ఇది మాది కాదనిరి. మూడవచోట మీటరు ఆధారు మార్పించుకొని రమ్మనిరి. దానికి ఇంటి యజమాని సంతకము కావలెనట. యజమాని బెంగుళూరులో కొడుకు నొద్ద నున్నాడు. ఆయనకు వ్రాయవలసిన జాబు కొఱకు ఆమె ఆదివారము వచ్చెదనన్నది.