పటాన్‌చెరు వైండర్ల ఓమ్ లెక్క

ముంబై హైవే మీద రామచంద్రాపురం దాటి పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం వైపు వెళ్తుంటే మందుల ఫ్యాక్టరీల పెద్ద గేట్లే కళ్లకు కనిపిస్తాయి. వాటి వెనక సందుల్లో ఉన్న రివైండింగ్ షాపుల వైపు ఎవరూ చూడరు. నన్నడిగితే ఈ పారిశ్రామికవాడ అసలు విద్య అక్కడే ఉంది. కాలిపోయిన మోటారు విప్పి, రాగి తీగ మళ్లీ చుట్టి, వార్నిష్ పట్టించి, ఓవెన్‌లో ఆరబెట్టడం ఒక ఎత్తు. చుట్టింది సరిగ్గా ఉందని అంకెల్లో రుజువు చేయడం మరో ఎత్తు. ఆ రెండో పనిలో మన ఉస్తాదులకు ఏ ఇంజినీరూ సాటిరాడు.

లెక్కకు మూలం పాతదే. 1827లో ఓమ్ అనే జర్మన్ పంతులు దాన్ని పుస్తకంలో పెట్టాడు. తర్వాత ఇంగ్లండులో జూల్ తీగలో పుట్టే వేడి సంగతి తేల్చాడు. మన వైపుకు ఈ విద్య బీహెచ్ఈఎల్ గేటు నుంచి వచ్చిందంటారు. అక్కడ అప్రెంటిస్‌ చేసిన కుర్రాళ్లే మొదటి షాపులు తెరిచారట.

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు, గుణిస్తే వాట్లు. పదో తరగతి పిల్లలకూ వచ్చిన సూత్రమే. కానీ దాన్ని 5 హెచ్‌పీ మోటారు మీద వాడే తీరు చూడాలి. మామూలు మల్టీమీటరు ఇంత చిన్న ఓముల దగ్గర నమ్మకంగా పనిచేయదు, దాని తీగల నిరోధం కూడా రీడింగులో కలుస్తుంది. అందుకని ఉస్తాదు 12 వోల్టుల బ్యాటరీకి కారు హెడ్‌లైట్ బల్బును సిరీస్‌లో పెట్టి, మోటారు ఆరు కొసలూ విడదీసి, ఒక్కో ఫేజులోకి కరెంటు పంపుతాడు. వోల్ట్‌మీటరు పిన్నులను బ్యాటరీ క్లిప్పుల మీద కాదు, సరిగ్గా కాయిల్ కొసల మీదే ఆనిస్తాడు. మొదటి ఫేజులో 2.4 ఆంపియర్లు, 7.92 వోల్టులు: 3.3 ఓములు. రెండోదీ అంతే. మూడో ఫేజులో 2.6 ఆంపియర్లు, 7.54 వోల్టులు: 2.9 ఓములు. అంటే ఆ ఫేజులో ఎక్కడో చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ పెడితే ఎర్త్‌కు ఏ లీకూ చూపదు. ఈ భాగహారమే దొంగను పట్టిస్తుంది. ఇస్నాపూర్‌ దగ్గర ఒక పెద్ద ఉస్తాదు శిష్యుడితో అన్న మాట నాకు మంత్రంలా గుర్తు: "మూడు ఒక్కతీరుగ రావాలె బిడ్డా. లేకుంటే మోటారు షాపు దాటది."

ఇక్కడే కొత్తవాడికి చిక్కు. 415 వోల్టులను 3.3 ఓములతో భాగిస్తే దాదాపు 126 ఆంపియర్లు రావాలి కదా, డెల్టాలో నడిచే మోటారు ఒక్కో ఫేజులో పోయేది 4.3 ఆంపియర్లేమిటి? తిరిగే మోటారు తన కాయిల్‌లోనే ఎదురు వోల్టేజీ పుట్టించుకుంటుంది, కరెంటును ఆపేది ఓములు ఒక్కటే కాదు. అందుకే వాట్ల లెక్క వేరు: 1.732ను 415తో, లైను కరెంటు 7.5తో, పవర్ ఫ్యాక్టర్ 0.8తో గుణిస్తే సుమారు 4,310 వాట్లు. షాఫ్టు మీద వచ్చేది 3,730. మిగిలింది వేడి.

ఆ వేడిని థర్మామీటరు లేకుండా కొలవడం నేను చూసిన అన్నిటికన్నా గొప్ప పనితనం. రాగి వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 3.3 ఉన్న కాయిల్, లోడు మీద గంటలు నడిచి ఆగిన వెంటనే 4.05 చూపిందనుకోండి. రాగికి 234.5 అనే అంకె ఒకటి ఉంది. 30కి దాన్ని కలిపి, రెండు ఓముల నిష్పత్తితో గుణించి, మళ్లీ అదే అంకె తీసేస్తే 90 డిగ్రీలు. కంటికి కనపడని లోపలి తీగ సగటు వేడి అది! చేతిలో పెన్సిలు, గోడ మీద లెక్క, అంతే.

ఇంత విద్యను అల్యూమినియానికి రాగి పూత పూసిన తీగ తినేస్తోంది. రాగి పేరుతో రాగి ధర కన్నా తక్కువకు దొరుకుతుంది. అదే మందం తీగకు నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు. చల్లగా ఉన్నప్పటి 3.3 ఓముల లెక్కన మన మోటారులో మూడు ఫేజుల కాయిళ్లలో 186 వాట్ల వేడి పుట్టాల్సిన చోట 279 పుడుతుంది. పూర్తి లోడు మీద రోజంతా నడిస్తే రెండు యూనిట్లకు పైగా వృథా. ఇన్సులేషన్ పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాని ఆయుష్షు సగమవుతుందని ఈ రంగంలో అందరికీ తెలిసిన మాటే. తెలిసీ ఈ తీగ అమ్మేవాళ్లను, చుట్టేవాళ్లను నేను మోసగాళ్లనే అంటాను. తక్కువ కొటేషన్ చూసి పని అప్పజెప్పే కొనుగోలు విభాగాలూ ఈ పాపంలో భాగస్వాములే. రాగికి ఖర్చు పెట్టి, మూడు ఫేజులూ కొలిచి పంపే ఉస్తాదు ధర ఎక్కువైందని వెనక్కి పోతున్నాడు. అతని దగ్గర నేర్చుకోవాల్సిన కుర్రాళ్లు డెలివరీ బండ్లు ఎక్కుతున్నారు.

ఫ్యాక్టరీల మెయింటెనెన్స్ ఇన్‌చార్జిలకు ఒక్కటే మనవి. రివైండింగ్ బిల్లు మీద సంతకం పెట్టేముందు మూడు ఫేజుల ఓములు, గది ఉష్ణోగ్రత, లోడు లేకుండా నడిపినప్పటి (నోలోడ్) ఆంపియర్లు రాసివ్వమని అడగండి. రాయలేని షాపుకు మోటారు ఇవ్వకండి.